చావుపలక మీద కొంగ

మొన్న ఫిబ్రవరిలో కెజీయా థర్కెటిల్‌ను పూడ్చింది నేనే. గొయ్యి తవ్వింది నేను, పెట్టె చేసింది నేను, గంట కొట్టింది కూడా నేనే. బ్రాడ్‌ఫ్లీట్ చర్చిలో ఈ పనులన్నీ నాథన్ మిండమ్ అనే ఒక్క ముసలాడివే. నేల గడ్డకట్టి గునపానికి లొంగలేదు. నా కంట ఒక్క చుక్క రాలలేదు. పదకొండేళ్ళుగా ఆ మనిషి మొహం చూస్తేనే నాకు రోత. పోయినావిడను ఏమీ అనకూడదు కాబట్టి మట్టి కప్పుతున్నంతసేపూ నోరు మూసుకున్నాను, అంతే. నోరు మూసుకోవడం నాకెంత కష్టమో ఈ ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు.

ఆ తర్వాత ఈస్టర్ వచ్చింది. ఈస్టర్ ముందు శనివారం జరిగింది చూశాక నాకు తిండి సయించడం లేదు. అందుకని మొదటినుంచీ చెబుతాను.

మా చర్చి గోడల నిండా చావుపలకలు. గాలిపటంలా మూల మీద నిలబెట్టిన చెక్క, చుట్టూ నల్ల చట్రం, మధ్యలో చచ్చిన దొర వంశం డాలు. మనలాంటివాడు చస్తే మట్టి, పైన గడ్డి. దొర చస్తే ఏడాదిపాటు బంగళా గుమ్మం మీద ఆ పలక, ఆ తర్వాత కలకాలం మా నెత్తిన. ప్రార్థనకని తల ఎత్తితే దేవుడికన్నా ముందు కనిపించేవి నాలుకలు చాపిన సింహాలూ, తెగిన పందితలలూ. ఛీ! వాటి చట్రాలు బిగించింది నేను, వేలాడదీసింది నేను. ఏటా ఈస్టర్ ముందు శనివారం నిచ్చెన వేసుకుని, గోరువెచ్చని నీళ్ళూ సబ్బూ పెట్టి, పావురాల రెట్టా కొవ్వొత్తుల మసీ వదిలేదాకా తోమేదీ నేనే. ఆ పలకల మీద రంగులు మాత్రం కెజీయావి.

కెజీయా పుట్టింది చేపలు పొగబెట్టే ఇంట్లో. ఆమోస్ థర్కెటిల్‌ను చేసుకునేదాకా హెర్రింగ్ చేపలకు పుల్లలు గుచ్చడం తప్ప ఆమెకేమీ తెలియదు. ఆమోస్ నార్విచ్‌లో గుర్రపు బగ్గీలకు రంగులేసే పని నేర్చుకొచ్చాడు. పనితోపాటు తాగుడు కూడా నేర్చుకొచ్చాడు. పెళ్ళయిన మొదటి ఏడు ఆమె రాయి మీద రంగులు నూరింది. రెండో ఏడు హద్దుగీతలు గీసింది. మూడో ఏటికి ఆమోస్ చేతులు వణుకుతుంటే సింహాలు, గద్దలు, దేవదూతలు అన్నీ ఆమె చేతుల్లోకి వచ్చేశాయి. కొట్టు మీద బోర్డు మాత్రం ఆమోస్ పేరే. అతను పోయి పాతికేళ్ళయినా అదే పేరు. ఆడది వేసిన పలకను దొరలు తీసుకోరట. ఆడదాని పాలు తాగొచ్చు, ఆడది పెట్టిన తిండి తినొచ్చు, చచ్చాక ఆడది గీసిన పంది మాత్రం పనికిరాదు. ఇదెక్కడి చోద్యమో!

ఆమె పని చేస్తుంటే చూడటం నాకు భలే సరదాగా ఉండేది. బుగ్గలో లవంగం పెట్టుకుని, బొమ్మలతో మాట్లాడుతూ వేసేది. "ఏరా, దొరల ముందు నాలుక చాపుకుని నిలబడ్డావు, సిగ్గు లేదూ?" అని సింహాన్ని తిట్టేది. నేను చట్రం చెక్కుతూ పక్కన కూర్చునేవాణ్ణి. పొయ్యి మీద పిండిముద్దలు ఉడుకుతూ ఉండేవి. ఇద్దరం తినేవాళ్ళం, దొరల్ని కడుపారా తిట్టుకునేవాళ్ళం. మా ఆవిడ పోయిన తర్వాత నేను మనిషిలా తిన్నది ఆ కొట్లోనే.

ఆమోస్ చేసిన ఒక ఘనకార్యం ఇక్కడ చెప్పాలి. చావుపలకలో పెద్ద కిటుకు వెనకాల రంగు. మొగుడి డాలు ఎడమ సగం, పెళ్ళాం డాలు కుడి సగం. చచ్చినవాళ్ళ సగం వెనక నలుపు, బతికున్నవాళ్ళ సగం వెనక తెలుపు. గడ్జన్ దొర పోయినప్పుడు ఆమోస్ తాగిన మత్తులో రెండు సగాలూ నల్లగా పూసేశాడు. పలక గుమ్మం మీదకెక్కాక గడ్జన్ దొరసాని కింద నిలబడి చూసింది, తనూ చచ్చిపోయినట్టుంది. ఒకటే కేకలు! నూనె రంగు ఆరాలంటే వారాలు పడుతుంది. కెజీయా పరుగెత్తుకెళ్ళి, జిగురు కాచి, దాంట్లో సుద్ద కలిపి, ఆ సగం మీద తెల్లగా పూసి వచ్చింది. గంటలో ఆరిపోయింది. దొరసాని బతికింది. మర్నాడు వాన కురిసింది. జిగురు రంగు కదా, తెల్లటి పాలల్లే గోడ మీదుగా కారిపోయి కింద నలుపు బయటపడింది. దొరసాని మళ్ళీ చచ్చింది!

ఈ కథ మూడు చేపల సత్రంలో నేను ఇరవై ఏళ్ళు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ జనం బల్లలు చరిచి నవ్వేవారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. నవ్వడం తప్ప నాకు ఇంకేమీ అంటలేదని ఇప్పుడు తెలుస్తోంది.

ఇక ఫెన్ వాళ్ళ సంగతి. వాళ్ళ డాలు నీలం మీద తెల్లకొంగ. బురదనేలల పక్కన ఉన్న పచ్చికంతా వాళ్ళదే. ముసలి ఫెన్‌కు ఒక కొడుకు గైల్స్, ఒక కూతురు. కూతుర్ని హోల్కెట్ దొరకిచ్చాడు. హోల్కెట్ల డాలు ఎరుపు మీద మూడు పందితలలు, మనుషులూ దానికి తగ్గవాళ్ళే. గైల్స్ మాత్రం గాలిమర పిండిమిల్లు వాడి కూతుర్ని మెచ్చి, తండ్రి కాదంటే సముద్రపొడ్డున ఏదో చిన్న చర్చిలో పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికూతురి బట్టలపెట్టె మీద బొమ్మ కోసం కెజీయా దగ్గరికే వచ్చాడు. "నా కొంగ ఒక సగం వెయ్యి, ఆవిడకి డాలు లేదు, ఆ సగం ఏం చేస్తావో నీ ఇష్టం" అన్నాడు. కెజీయా నవ్వి, ఆ సగంలో గాలిమర రెక్కలు వేసిచ్చింది. అతనికి ఎంత సంబరమో, పెట్టె నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగాడు.

కలరా వచ్చిన ఏడు గైల్స్, భార్య ఇద్దరూ పోయారు. కూతురు డార్కస్ మిగిలింది. తాత ఇంట్లోకి రానివ్వలేదు. సత్రంలో దుప్పట్లు ఉతుక్కుంటూ పెరిగింది. విలియం రాజు పోయిన ఏడు ముసలి ఫెన్ కూడా పోయాడు. వీలునామా తెరిస్తే ఒక్కటే మాట: గైల్స్‌కు పెళ్ళిలో పుట్టిన సంతానం ఉంటే భూమి వాళ్ళకు, లేకపోతే కూతురి పిల్లలకు. ముసలాడికి చివర్లో బుద్ధొచ్చిందో, రాసి మర్చిపోయాడో తెలియదు. డార్కస్‌కు పంతొమ్మిదేళ్ళు. భూమి నాది, నాన్న పేరు నాది అని పిల్ల కోర్టుకెక్కింది.

గైల్స్ పెళ్ళి ఊరందరికీ తెలుసు. కానీ పెళ్ళి రాసిన చర్చి పుస్తకం సముద్రం పొంగినప్పుడు తడిసి ముద్దయిపోయింది. మిగిలిన సాక్ష్యం ఆ పెట్టె. హోల్కెట్ దొర లాయరు దాన్ని చూసి పగలబడి నవ్వాడు. "గాలిమర రెక్కలా? ఇదే వంశం చిహ్నమమ్మా? గోధుమపిండి వంశమా?" అన్నాడు. డార్కస్ ఆ పెట్టె మోసుకుంటూ వచ్చి కెజీయా కొట్లో కూర్చుని ఏడ్చింది. కెజీయా ఆ రోజు పిండిముద్దలు ముట్టలేదు. "నేను ఆడిన వేళాకోళం నాథన్. దాని కొంప ముంచింది" అంది. నేనేదో సర్దిచెప్పాను.

ఆ ఏడే సెప్టెంబరు చివర్లో హోల్కెట్ దొరసాని పోయింది. వారం తిరక్కుండా దొర స్వయంగా కెజీయా కొట్టుకొచ్చాడు. నల్ల చేతితొడుగులు, నల్ల టోపీ, గెడ్డం మీద పండగ భోజనంలో తిన్న బాతు కొవ్వు. పెళ్ళాం చచ్చిన మగాడు అంత నున్నగా మెరవడం నేనెక్కడా చూడలేదు. మూలన చట్రం చెక్కుతున్న నన్ను కుర్చీని చూసినట్టు చూశాడు.

"థర్కెటిలమ్మా, పలక కావాలి."

"చిత్తం దొరగారూ. దొరసానిగారు మంచి తల్లి. మీ పందితలలు ఎడమ సగం, ఆవిడ కొంగ కుడి సగం. మీ వెనక తెలుపు, ఆవిడ వెనక నలుపు. పైన దేవదూత తల. నాకు తెలుసు."

"నీకు తెలియదు. డాలంతా నాదే. మధ్యలో చిన్న డాలు. కొంగ అందులో."

కెజీయా లవంగం నమలడం ఆపేసింది. నా ఉలి కూడా ఆగింది. ఆ పని తెలిసిన ఎవడికైనా దాని అర్థం తెలుసు. భార్య పుట్టింట్లో అన్నదమ్ములో, వాళ్ళ పిల్లలో ఉన్నారా, ఇద్దరి డాళ్ళూ పక్కపక్కనే. అది ఆ జంట బతికినన్నాళ్ళే, పిల్లలకు రాదు. పుట్టింట్లో ఒక్క పురుగు కూడా మిగల్లేదా, అప్పుడే భార్య డాలు మొగుడి డాలు నడిమధ్యకెక్కుతుంది. అప్పుడు అది పిల్లల సొంతం. కొంగా వాళ్ళదే, కొంగ మేసే పచ్చికా వాళ్ళదే. చర్చి గోడ మీద ఎవరూ కాదనకుండా వేలాడిన పలకను కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుందని నాకే తెలుసు, దొరకు తెలియదా?

"అలా వెయ్యాలంటే ఆవిడ తరఫున ఎవరూ ఉండకూడదు దొరగారూ" అంది కెజీయా. "ఆవిడకి అన్నగారు ఉండేవారు కదా. గైల్స్ బాబు. ఆయన కూతురు..."

"ఏ అన్న?"

"మీ పెళ్ళిలో మీ గుర్రం కళ్ళెం పట్టుకుని నడిచారే, ఆయన."

"నీకు రంగులు గుర్తుంటే చాలు. మనుషుల్ని నేను గుర్తుపెట్టుకుంటాను." దొర గెడ్డం తుడుచుకుని, కొట్టు మీది బోర్డు వైపు వేలు చూపించాడు. "ఆమోస్ ఎప్పుడు పోయాడో కూడా నాకు గుర్తుంది. చుట్టుపక్కల దొరలందరికీ చెప్పమంటావా?"

కెజీయా ఎర్ర రంగు గిన్నె దగ్గరికి లాక్కుంది.

"గుమ్మం మీద ఏడాది ఉంచరా దొరగారూ? ఎండా వానా తగిలేది కదా, దానికి తగ్గట్టు వేస్తాను."

"లేదు, నేరుగా చర్చిలోకే. ఈస్టర్ వెళ్ళిన వారంలోనే లాయర్లొచ్చి నకలు రాసుకుంటారు. నా ఆజ్ఞ ప్రకారం వేసిన పలక అని కోర్టుకు ముందే సంతకం చేసిచ్చాను."

"చిత్తం" అంది కెజీయా.

చిత్తం! ఆ మాట విని నా ఒళ్ళు కంపరమెత్తింది. దొర గుర్రం సందు మలుపు తిరిగిందో లేదో నేను లేచాను.

"చిత్తమా? చిత్తమంటావా కెజీయా? అమ్మా నాన్నా లేని పిల్లని బతికుండగానే లేదని రాస్తావా?"

"గొంతు తగ్గించు."

"తగ్గించను! మొన్న ఆ పిల్ల నీ ఒళ్ళో పడి ఏడవలేదూ?"

"ఏడ్చింది. నాకు గుర్తుంది."

"మరి?"

ఏదో చెప్పబోయి ఆగింది. "నీకు చెప్పి ఏం లాభం నాథన్? నీ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి సత్రంలో ఉంటుంది" అంది.

"చెప్పడానికి నీ దగ్గర ఏముందని? సిగ్గు లేని మనిషివి" అని ఉలి జేబులో పెట్టుకుని వచ్చేశాను. సరాసరి సత్రానికే వెళ్ళి అక్కడున్న ప్రతివాడికీ చెప్పాను.

ఆ అక్టోబరంతా కొట్టు ముందునుంచి వెళ్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చేది. నూనె వాసన కాదు, తోళ్ళు ఉడకబెట్టిన జిగురు కంపు. చచ్చిన కుందేలు కంపు. నేను కూడా వడ్రంగినే, జిగురు నాకు కొత్త కాదు. ఆమె పనికి ఆమె కొంపే కంపు కొడుతోంది, బాగానే అయింది అనుకున్నాను.

నవంబరులో పలక తెచ్చారు. వేలాడదీయను పొమ్మంటే పాదిరి గారు నా పని ఊడుతుందన్నారు. వేలాడదీశాను. నేను మాత్రం ఏం తక్కువ తిన్నానని? ఎర్రటి డాలు నిండా మూడు పందితలలు. వాటి మధ్యన గుడ్డంత నీలి డాలు. అందులో కొంగ, బోనులో పెట్టిన కోడిపిల్లలా.

దొర కింద నిలబడి కళ్ళు చికిలించాడు. "మెరుపు లేదేం? మిగతావన్నీ మెరుస్తున్నాయి."

"సంతాపానికి మెరుపెందుకు దొరగారూ" అంది కెజీయా. దొరకా మాట నచ్చినట్టుంది, తలూపి వెళ్ళిపోయాడు.

నేను నిచ్చెన భుజాన వేసుకుని బయటికి నడుస్తుంటే ఆమె కుంటుకుంటూ వెనకే వచ్చింది. ఎప్పుడో బగ్గీ మీదనుంచి పడ్డప్పుడు ఆమె తుంటి విరిగింది, గడప దాటాలన్నా చేతికర్ర కావాలి.

"నాథన్, ఈస్టర్‌కి దీన్ని బాగా తోము. సబ్బు ఎక్కువ వెయ్యి. నీళ్ళు కొంచెం వేడిగా పెట్టుకో."

నేను వెనక్కి తిరిగి చూడలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ మనిషి నాతో దెబ్బలాడింది దేనికి? మెల్లగా తుడువు, నువ్వు తోముతుంటే రంగే కాదు, చెక్క కూడా అరిగిపోతోంది అని కాదూ? ఆ తేడా గాడిదకైనా తట్టేది. నాకు తట్టలేదు. కోపంతో చెవులు మూసుకుపోయాయి.

ఈస్టర్ ముందు శనివారం పలకలన్నీ తోమాను. గడ్జన్లవి, పెల్‌లవి, హోల్కెట్ల తాతలవి. కొంగ పలక దగ్గరికి వచ్చేసరికి నిచ్చెన జరిపి అవతల వేసుకున్నాను. ఆ పలక ముట్టుకుంటే నా చేతికి చీము పడుతుందనిపించింది. బకెట్లో నీళ్ళు మిగిలాయి. సమాధుల మధ్య పారబోశాను.

ఆదివారం ప్రార్థనకు కెజీయా అందరికంటే ముందొచ్చింది. కూర్చోకుండా ఆ పలక కింద నిలబడి పైకి చూసింది. చూస్తూనే ఉంది. తన పనితనం చూసుకుని మురుస్తోందనుకున్నాను. థూ అనుకున్నాను. ప్రార్థన అవగానే చర్చి వాకిట్లో నా చెయ్యి పట్టుకుంది. చల్లటి చెయ్యి.

"దాన్నొక్కదాన్నే ఎందుకొదిలేశావు?"

"అది ముట్టుకుంటే చెయ్యి కుళ్ళిపోతుంది."

"నాథన్, నీకు దండం పెడతాను. రేపో ఎల్లుండో తుడువు. ఈ వారంలోనే తుడువు."

"ఎందుకు? లాయర్లొస్తే నీ పందులు తళతళలాడాలా? కావాలంటే నువ్వే ఎక్కి నాక్కో!"

ఊరంతా అక్కడే ఉంది. ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత అందరూ నవ్వారు. ఆమె మొహం సుద్దలా తెల్లబడింది. పెదవులు కదిలాయి. జనం చుట్టూ ఉన్నారు, పది అడుగుల్లో హోల్కెట్ దొర బగ్గీ ఎక్కుతున్నాడు. ఆమె నా చెయ్యి వదిలేసి, కర్ర పట్టుకుని వెళ్ళిపోయింది. గొప్పగా బుద్ధి చెప్పానని సత్రంలో ఆ రోజు నాకు ఊరికే బీరు పోశారు. తాగాను.

బుధవారం లాయర్లొచ్చారు. పలక బొమ్మ గీసుకున్నారు, పాదిరి గారి సంతకం పెట్టించుకున్నారు. ఎండాకాలంలో తీర్పొచ్చింది. గైల్స్ ఫెన్‌కు పెళ్ళిలో పుట్టిన సంతానం లేదు. డార్కస్‌కు భూమి పోయింది, పేరూ పోయింది. ఫెన్ అన్న ఇంటిపేరు వాడితే ఊరుకునేది లేదని దొర మనిషొచ్చి చెప్పి వెళ్ళాడు. ఏడాది తిరక్కుండా హోల్కెట్ కొడుకు కొత్త బగ్గీ కొన్నాడు. దాని తలుపు మీద పందితలల పక్కన కొంగ. నార్విచ్‌లో వేయించుకొచ్చాడు. ఆ బగ్గీ నా మీద బురద చిమ్ముకుంటూ పోయినప్పుడల్లా నేను కెజీయానే తిట్టుకునేవాణ్ణి.

కెజీయా ఆ తర్వాత చావుపలక ముట్టలేదు. దొరలు అడిగితే కళ్ళు కనిపించడం లేదనేది. సత్రాల బోర్డులు, పాలబండ్ల చక్రాలు వేసుకుంటూ బతికింది. డార్కస్‌ను తన ఇంట్లో పెట్టుకుంది. అది చూసి నాకింకా అసహ్యం వేసింది. ఒక చేత్తో గొంతు నులిమి ఇంకో చేత్తో గంజి పోస్తోంది అన్నాను, ఆమెకు వినపడేలాగే అన్నాను. వీధిలో ఎదురైతే అవతలి పక్కకు దాటేవాణ్ణి. ప్రతి ఈస్టర్‌కూ ఆమె వచ్చి ఆ పలక వంక ఒకసారి చూసేది. ప్రతి ఈస్టర్‌కూ నేను దాన్ని వదిలేసే ఉంచేవాణ్ణి. పదకొండు ఈస్టర్లు. నా నోటికి తాళం లేదన్నది నిజమే గానీ, ఆమె చెప్పాలనుకున్నా వినే చెవి నాదీ కాదు.

ఈ ఏడు నా మోకాళ్ళు పూర్తిగా పోయాయి. ఈస్టర్ ముందు శనివారం పొద్దున డార్కస్ బకెట్టూ సబ్బూ పట్టుకుని చర్చికొచ్చింది. ముప్పై ఏళ్ళ మనిషి. ఉతికి ఉతికి చేతులు పగిలిపోయి ఉన్నాయి.

"పలకలు నేను తుడుస్తాను తాతా. నువ్వు నిచ్చెన పట్టుకో చాలు. పోయేముందు కెజీయా అత్త నాచేత మాట తీసుకుంది."

"ఏమని?"

"నాథన్ ఇంక ఎక్కలేడు, నువ్వెళ్ళు అంది. అన్నీ తుడువు, కొంగదాన్ని మాత్రం వేడినీళ్ళతో గట్టిగా తోము అంది. రెండుసార్లు చెప్పించుకుంది నాచేత."

"చచ్చేముందు కూడా దానికి ఆ పలక యావే" అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను.

డార్కస్ ముందు ఆ పలకకే నిచ్చెన వేయించి ఎక్కింది. నేను కింద పట్టుకుని నిలబడ్డాను. తడిగుడ్డ పెట్టి రెండు రుద్దులు రుద్దిందో లేదో, నా చేతి మీద ఏదో పడింది. వెచ్చగా, ఎర్రగా. చెయ్యి కోసుకుందేమో అనుకున్నాను.

"తాతా, రంగు కారుతోందేంటి?"

తలెత్తి చూశాను. మొదటి పందితల సగం లేదు. ఎర్రటి నీళ్ళు డార్కస్ మోచేతినుంచి ధారగా కారుతున్నాయి. ముక్కుకు ఆ కంపు తగిలింది, ఉడకబెట్టిన తోళ్ళ కంపు, జిగురు కంపు. గడ్జన్ దొరసాని పలక గుర్తొచ్చింది. అప్పుడు తెలిసింది.

"ఆపకమ్మా" అన్నాను. "తుడువు. ఇంకా తుడువు."

ఆమె తుడిచింది. మధ్యలో చిన్న డాలు మూడు రుద్దులకు పోయింది. దాని కిందినుంచి నీలం బయటికొచ్చింది. చిన్న ముక్క కాదు, కుడి సగమంతా నీలం. అందులో నిలువెత్తు తెల్లకొంగ, ఒంటికాలి మీద. నూనె రంగు, దాని మీద మెరుపు పూత ఉంది, నీళ్ళకు చెక్కుచెదరలేదు. ఎడమ సగంలో ఇరుకుగా హోల్కెట్ల డాలు. మొగుడూ పెళ్ళాం పక్కపక్కన, రివాజు ఎలా ఉందో అలాగే. ఆవిడకు అన్న ఉన్నాడని, అన్నకు కూతురుందని, దొర సంతకంతో, దొర ఆజ్ఞతో, దొర కూర్చునే బల్ల ఎదురుగా పదకొండేళ్ళుగా వేలాడుతున్న మాట.

"ఇది మా పెట్టె మీది కొంగే" అంది డార్కస్. నిచ్చెన మీదనుంచి కిందికి చూసింది. "అత్త దీన్ని ముందే ఇలా వేసిందా?"

"వేసింది."

"మరి పైన ఆ పందులెందుకు?"

"నేను తుడిచేస్తానని. లాయర్లు రాకముందు ఆ ఈస్టర్‌కే తుడిచేస్తానని. నీళ్ళు ఎక్కువ పెట్టి తోమే పశువుని నేనొకణ్ణున్నానని, నేను తుడిస్తే ఎవరికీ అనుమానం రాదని, నువ్వు ఎక్కితే కుట్ర అంటారని వేసింది. బయటపడితే జైలుకి పోయుండేది కూడా. తెలిసే వేసింది."

"నువ్వు తుడవలేదా?"

"లేదు."

"ఎందుకు?"

"అసహ్యమేసింది" అన్నాను. ఆ మాట నా నోట్లోనే కుళ్ళినట్టుంది. "మీ అత్తంటే అసహ్యమేసి, దాన్నొక్కదాన్ని వదిలేశాను. వచ్చి దండం పెట్టింది. ఊరందరి ముందూ నవ్వులపాలు చేశాను."

డార్కస్ నిచ్చెన దిగింది. బకెట్లో నీళ్ళు కసాయి కొట్టు కాలువలా ఎర్రగా ఉన్నాయి. గుడ్డ పిండి, నా చేతిలో పెట్టింది.

"ఇంకొక పందితల మిగిలింది. అది నువ్వు తుడువు."

"నా మోకాళ్ళు..."

"నేను పట్టుకుంటాను" అంది.

ఎక్కాను. ఒక్కొక్క మెట్టుకూ ఎముక గొణిగింది. పైన మూలన చివరి పందితల ఇంకా కోరలు బయటపెట్టుకుని ఉంది. రేపు దొర వచ్చి దీని ఎదురుగానే కూర్చుంటాడు, చూస్తాడు, లాయర్లకు రాస్తాడు, కోర్టు తీర్పు మాత్రం మారదు. ఇంతకాలం ఈ గోడ దగ్గర నేనెవర్ని అసహ్యించుకున్నానో ఆవిడ బయట మట్టిలో ఉంది, తలదగ్గర పలక లేదు. గుడ్డ పెట్టి గట్టిగా రుద్దబోయాను. రుద్దాల్సిన అవసరం రాలేదు. ఒక్క తుడుపుకే పోయింది.